గుర్రపుడెక్క తియ్యకుండా తూము పెంచితే

"మావయ్యా, చేతిలో అరవై వేలున్నాయి. కొత్త సిస్టం కొనమంటావా, స్పీకర్లూ ఆంప్లిఫయరూ మార్చమంటావా?"

మా మేనల్లుడు ఫోన్ చేసేసరికి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటి వారం కూడా కాలేదు. వాళ్ల ఊళ్లో కరెంటు అప్పుడప్పుడే కుదుటపడుతోంది. వాడిది పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే పని. కార్తీకం ముహూర్తాలు నెత్తి మీదున్నాయి. కంప్యూటర్లో ఒక్కో పేజీ తెరుచుకోవడానికి టీ తాగి వచ్చేంత సేపు పడుతోందట. పోనీ పాటలు వింటూ పని చేసుకుందామంటే స్పీకర్లలో బుమ్ముమని ఒకటే మోత, దాని వెనకాల సన్నగా గుయ్యిమని ఇంకో రొద.

"ఏదీ కొనకు. ఆదివారం వస్తాను. అప్పటిదాకా ఆ డబ్బు బీరువాలోంచి తియ్యకు" అన్నాను.

"అంటే పాతవాటితోనే సర్దుకోమంటావు" అన్నాడు నిష్ఠూరంగా.

నేను కొత్త వస్తువుకి విరోధిని కాదు. అసలు ఈ విషయంలో నాకంటే ఎక్కువ డబ్బు తగలేసినవాడు మా చుట్టుపక్కల దొరకడు. 2002 నుంచి పదిహేనేళ్లు పాలకొల్లులో డీటీపీ సెంటర్ నడిపాను. పగలు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో శుభలేఖలు, రాత్రి టంకం కడ్డీ పట్టుకుని ఆంప్లిఫయర్లు. 4440 ఐసీ వేసిన చిన్న ఆంప్లిఫయరు బోర్డుతో మొదలెట్టి, పెద్ద ఆంప్లిఫయర్లకి వాడే 5200 ట్రాన్సిస్టర్ల దాకా వెళ్లాను. హైదరాబాదు వెళ్తే చుట్టాలింటికంటే ముందు కోఠీలో స్పేర్ పార్టుల కొట్లకి, సికింద్రాబాదులో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లేవాణ్ని. అక్కణ్నించి మోసుకొచ్చినవాటిలో సగం నిజంగా అవసరమై కొన్నవి కావు. కొన్న రాత్రి ఎంత సంబరమో, నెల తిరిగేసరికి మళ్లీ అదే వెలితి.

ఎందుకో అర్థం కావడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మన కాలవల్ని చూసినా ముందే తెలియాల్సింది. శివారు చేనుకి నీళ్లు అందడం లేదని రైతు తూము వెడల్పు చేయించుకుంటాడు. బోదె లోతు తవ్వించుకుంటాడు. ఇంజను పెడతాడు. పైన రెండు మైళ్ల అవతల వంతెన కింద గుర్రపుడెక్క పేరుకుపోయి కాలవ పీక నొక్కేస్తుంటే, కింద తూము ఎంత పెంచితే మాత్రం ఏం వస్తుంది? ధవళేశ్వరంలో నీళ్లకి కొరత లేదు, చేలో తూముకి లోపం లేదు. అడ్డం మధ్యలో ఉంది. కంప్యూటరైనా, పాటల పెట్టె అయినా ఇంతే. అడ్డం ఎక్కడుందో వెతకడం మానేసి, మనకి కొనాలనిపించిన చోట కొంటాం. డెల్టాలో నేను చూసిన ఇళ్లలో అయితే ఆ అడ్డం చాలాసార్లు పెట్టెలో ఉండదు. పెట్టె బయట ఉంటుంది: గోడల్లో, నేలలో, గాలిలో, పెరట్లో కొబ్బరిచెట్టు పక్కనున్న ఎర్తు గుంటలో.

ఆదివారం వెళ్లాను. మా అక్కావాళ్లు పెంకుటిల్లు తీసేసి కొత్తగా స్లాబు ఇల్లు కట్టారు. వాడి గది పన్నెండు బై పన్నెండు, కింద గ్రానైటు, గోడలకి పుట్టీ, అద్దంలా మెరుస్తోంది. కూర్చుంటూ కూర్చుంటూ కేబినెట్ మీద చెయ్యి వేశాను. (మనవాళ్లు డబ్బా మొత్తాన్నీ సీపీయూ అంటారు. లోపల అగ్గిపెట్టెంత చిప్పు ఒక్కటే సీపీయూ అని పాతికేళ్లుగా చెప్తున్నాను, ఎవరూ వినలేదు.) వేళ్లు జిల్లుమన్నాయి.

"ఇది ఎప్పట్నించి?"

"అదా, ఎప్పుడూ ఉండేదే. చెప్పులేసుకుంటే కొట్టదు."

చెప్పులేసుకుంటే కొట్టదట! ఇలాంటి ఇళ్లు మన ప్రాంతంలో ఎన్ని చూశానో లెక్కలేదు. కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్‌లో (ఇంటి కరెంటుని కంప్యూటర్‌కి తగ్గట్టు మార్చి ఇచ్చే డబ్బా), కరెంటు రొద అణచడానికి ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు పెట్టి రెంటినీ బాడీకి కలుపుతారు. ఎర్తు సరిగ్గా ఉంటే ఆ కాస్త లీకేజీ నేలలోకి పోతుంది. ఎర్తు లేకపోతే బాడీ 230కీ సున్నాకీ నడుమ, దాదాపు 115 వోల్టుల దగ్గర వేలాడుతుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి ప్రాణం తియ్యదు, జిల్లుమనిపించి ఊరుకుంటుంది. మరి ఆ లీకేజీ ఎటు పోవాలి? పాటల వైరు మీదుండే జాలీ పట్టుకుని ఆంప్లిఫయర్లోకి పోతుంది. వాడి స్పీకర్లలో గుయ్యిమంటున్నది అదే. పాతిక వేలు పెట్టి కొత్త ఆంప్లిఫయరు తెచ్చినా అందులోనూ అదే పాట పాడుతుంది, ఇంకాస్త స్పష్టంగా.

ఆ ఊళ్లో వైరింగు చేసే పెద్దాయన్ని పిలిపించాం. ఆయన ఫేజుకీ ఎర్తుకీ మధ్య బల్బు పెట్టి చూశారు. వెలగాల్సిన బల్బు మిణుగురులా మిణుకుమంది. (ఇది మీరు చెయ్యకండి. తెలిసినవాళ్ల పని.) ఆయన నవ్వి, "గుంటలో ఉప్పూ బొగ్గూ ఏసి ఎన్నేళ్లయిందండి?" అన్నారు. ఇల్లు కట్టి ఆరేళ్లు. తర్వాత ఎవరూ అటు తొంగి చూడలేదు. పెరట్లోకెళ్లి మట్టి తీస్తే పైపుకి వైరు బిగించిన క్లాంపు చెయ్యి తగలగానే పొడిపొడిగా రాలిపోయింది.

"మన్నేల ఎర్తుకి బంగారంలాంటిదండి. రెండడుగులు తవ్వితే తడేనండి. కానండి, ఆ ఉప్పే పైపుని తినేత్తాదండి. ఆయ్."

అక్షరాలా నిజం. అనంతపురం వైపు రాతినేలలో మంచి ఎర్తు రావాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. మనకి గోదావరి ఆ శ్రమ లేకుండా చేసింది. తడినేల కరెంటుని ఇట్టే లాక్కుంటుంది. కానీ సముద్రం దగ్గర, పైగా చుట్టూ రొయ్యల చెరువులు. నేలలో ఉప్పు, గాలిలో ఉప్పు, అది చాలదని గుంటలో మనం పోసే ఉప్పు. జీఐ పైపుకి తుప్పు పట్టక ఏమవుతుంది? నాలుగైదేళ్లకోసారి ఆ గుంట తీసి చూసుకోవాలి. మల్టీమీటరు ఉంటే పని ఇంకా తేలిక. న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య రెండు మూడు వోల్టులకి మించి చూపిస్తోందంటే ఎక్కడో తేడా ఉన్నట్టే.

కొత్త పైపు, రాగి వైరు, కూలి కలిపి వాడికి ఐదు వేల లోపే అయింది. జిల్లుమనడం పోయింది. స్పీకర్లలో రొద ముప్పావు వంతు తగ్గింది, మొత్తం పోలేదు. అక్కడ నాకో పాత అనుభవం గుర్తొచ్చింది. ఆంప్లిఫయరుకి తగిలించిన వైర్లన్నీ ఒక్కొక్కటే పీకుతూ వచ్చాను. సెట్‌టాప్ బాక్సు వెనక కేబుల్ టీవీ వైరు పీకగానే గది నిశ్శబ్దమైపోయింది. ఆ వైరు వీధి చివరి స్తంభం దగ్గర ఇంకెక్కడో నేలని ముట్టుకుని వస్తోంది. రెండు చోట్ల నేల తగిలితే ఆ రెంటి మధ్యా తేడా కరెంటు మన పాటలోంచి ప్రయాణం చేస్తుంది. చాలామంది ఈ రొద పోగొట్టడానికి ప్లగ్గుకున్న లావు పిన్ను, అంటే ఎర్తు పిన్ను, విరిచేస్తారు. విరిచేస్తే రొద పోతుంది కూడా. రేపు ట్రాన్స్‌ఫార్మర్ లోపల ఇన్సులేషన్ పోయినప్పుడు మనిషి కూడా పోతాడు. అంత ఖర్చు పెట్టి ఏ పాటా వినక్కర్లేదు.

కరెంటు గురించే ఇంకో మాట చెప్పి వదిలేస్తాను. ఇంట్లో ఇన్వర్టరు చవక రకం స్క్వేర్ వేవ్‌ది (కరెంటు అల నున్నగా కాక మెట్లుమెట్లుగా వచ్చేది) అయితే, కరెంటు పోయిన ప్రతిసారీ ఇనుప ట్రాన్స్‌ఫార్మరున్న ఆంప్లిఫయరు గుర్రుపెడుతుంది. అది ఆంప్లిఫయరు జబ్బు కాదు. సైన్ వేవ్ ఇన్వర్టరు మీద పెట్టి చూస్తే నోరు మూసుకుంటుంది. రాత్రిళ్లు రొయ్యల చెరువుల మీద నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తిరగడం మొదలైతే మా వైపు దీపాలు ఓసారి కిందికి వంగుతాయి. కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్ వోల్టేజీ తగ్గితే కరెంటు ఎక్కువ లాక్కుని సర్దుకుంటుంది. పాతకాలం ఆంప్లిఫయరుకి ఆ తెలివి లేదు, దాని బలమే తగ్గిపోతుంది. "మా సెట్టు రాత్రి పదింటికి బాగా పాడదండి" అని ఒకాయన చెప్తే నేను నవ్వాను ఒకప్పుడు. నవ్వకుండా ఉండాల్సింది.

రొద తీరింది, ఇక బుమ్ముమనే మోత మిగిలింది. దాని సంగతి నాకు అన్నిటికంటే ఇష్టం.

గది మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టమన్నాను వాణ్ని. ఠాప్ అన్న చప్పుడు వెనకాలే గణగణమని తోక ఒకటి. రెండు నున్నటి గోడల మధ్య చప్పుడు బంతిలా కొట్టుకుంటోంది. ఇది పై స్వరాల సంగతి. కింది స్వరాలది ఇంకో లెక్క. పన్నెండడుగులంటే 3.66 మీటర్లు. ధ్వని సెకనుకి 345 మీటర్లు పోతుందనుకుంటే, ఆ రెండు గోడల మధ్య సరిగ్గా సగం ఇమిడే అల 47 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. బాస్ గిటారు అడుగు స్వరాలు ఉండే చోటు అది. వెడల్పు కూడా పన్నెండే కనక అదే స్వరం రెండోసారి కూడా పోగుపడుతుంది. నలుచదరపు గది వాస్తుకి మంచిదేమో తెలియదు, పాటకి మాత్రం కాదు. దానికి తోడు మావాడు సబ్‌వూఫర్‌ని (కింది స్వరాలు మోగించే స్పీకరుని) మూలకి తోసి, కుర్చీని వెనక గోడకి ఆనించి కూర్చున్నాడు. ఆ అల బలమంతా గోడల దగ్గరే ఉంటుంది, మూలల్లో మరీను. ఊదేవాడు మూలన, వినేవాడు గోడకి ఆని. మోత మొయ్యక ఏం చేస్తుంది?

మా తాత రేడియో గుర్తొస్తుంది నాకు. మండువా లోగిలి, నాలుగు వైపులా వసారా, నడుమ ఆకాశం. స్తంభానికి కొట్టిన చెక్క మీద రేడియో. దాని స్పీకరు అరచేతి అంత. విజయవాడ కేంద్రం నుంచి కచేరీ వస్తుంటే వీధరుగు మీద కూర్చున్నవాళ్లకి కూడా ప్రతి అక్షరం విడివిడిగా వినిపించేది. ఆ రోజుల్లో వస్తువులు గట్టివి అని పెద్దవాళ్లు అంటారు. నేను ఒప్పుకోను. ఆ రేడియోని ఇప్పుడు తెచ్చి ఈ గ్రానైటు గదిలో పెడితే రేకు డబ్బాలా అరుస్తుంది. గొప్పంతా ఇంటిది.

దీనికి నా దగ్గర ఒక సాక్షి ఉన్నాడు. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఒక ఉపన్యాస మందిరంలో మాట ఒక్కటీ అర్థం కావడం లేదంటే, వాలెస్ సబైన్ అనే కుర్ర ఫిజిక్సు మేష్టారికి ఆ పని అప్పజెప్పారు. ఆయన పక్కనున్న నాటకశాలలోంచి సీట్ల మెత్తలు మోయించుకొచ్చి, గదిలో పరుస్తూ, ప్రతిధ్వని ఎన్ని సెకన్లు నిలుస్తోందో రాత్రిళ్లు కొలిచాడు. ధ్వనిని పీల్చుకోవడానికి ఆయన పెట్టుకున్న కొలత ఏమిటో తెలుసా? తెరిచిన కిటికీ. కిటికీలోంచి బయటికి పోయిన చప్పుడు తిరిగి రాదు కనక, ఒక చదరపుటడుగు తెరిచిన కిటికీ అంటే నూటికి నూరు పాళ్లు పీల్చుకోవడం. ఆ లెక్కన మా తాత మండువా ఎన్ని చదరపుటడుగుల కిటికీ? పైన పెంకు, కింద వాసాలు, వసారాలో ధాన్యం బస్తాలు, మంచాలు, పరుపులు. చప్పుడు కొట్టుకు తిరిగి రావడానికి ఒక్క నున్నటి గోడ లేదు. మనం ఇల్లు మార్చుకుని, పాడైంది పాటల పెట్టె అనుకుంటున్నాం.

మావాడు నాకంటే ముందే ఒక వైద్యం చేశాడు. తణుకు నుంచి కోడిగుడ్ల అట్టలు తెప్పించి ఒక గోడకి అంటించాడు. ఈ అట్టల నమ్మకం ఎక్కణ్నించి వచ్చిందో గానీ చావనంటోంది. అంత పల్చటి అట్ట పై స్వరాలని కాస్త చెదరగొడుతుందేమో, అంతే. ఒక స్వరాన్ని పీల్చాలంటే మెత్త మందం ఆ అల పొడవులో నాలుగో వంతుకి దగ్గరగా ఉండాలి. 1000 హెర్ట్జ్ అల పొడవు 35 సెంటీమీటర్ల లోపు, కాబట్టి మూడు నాలుగంగుళాల మెత్త సరిపోతుంది. 47 హెర్ట్జ్ అల ఏడు మీటర్ల పైన. దాని నాలుగో వంతు మనిషి నిలువంత. గోడకి అంత మందం మెత్త వేస్తే గదిలో మావాడికి చోటుండదు.

అందుకని మోతకి మెత్తతో కాదు, చోటు మార్చి మందు వేశాం. సబ్‌వూఫర్‌ని ఎత్తి వాడి కుర్చీలో కూర్చోబెట్టాను. పాట పెట్టి, "ఇప్పుడు నేల మీద పాకు" అన్నాను. గోడల వెంట చెవి కిందికి పెట్టి పాకుతూ, మోత లేకుండా తబలా ఎడమ దెబ్బ గుండ్రంగా వినిపించే చోటు పట్టుకోవాలి. సబ్‌వూఫర్ ఆ చోటుకి వెళ్తుంది, మనం కుర్చీలోకి వెళ్తాం. మా అక్క గుమ్మంలో నిలబడి చూసి, "ముప్పై ఏళ్లొచ్చిన వెధవని పాకిస్తున్నావేంట్రా" అని నవ్వింది. చోటు దొరికింది: పక్క గోడకి మూడో వంతు దూరంలో. కుర్చీని గోడ నుంచి మూడడుగులు ముందుకి జరిపాం. పక్క స్పీకర్లు బీరువా పైనుంచి దిగి వాడి చెవుల ఎత్తుకి వచ్చాయి. స్పీకర్లు రెండూ వాడూ కలిసి ముక్కోణం అయ్యారు. ఖర్చు సున్నా. పాత స్పీకర్లే. వాడు పది నిమిషాలు మాట్లాడలేదు.

చప్పట్ల గణగణ పోవడానికి మందంగా ఉన్న కొబ్బరిపీచు పట్టలు రెండు తెప్పించి ఎదురెదురు గోడల్లో ఒకదానికి వేలాడదీశాం, గోడకి నాలుగంగుళాలు ఎడంగా. పీచు మన కోనసీమ సరుకే. పట్టణాల్లో దీనికి బదులు రంగురంగుల ఫోమ్ ముక్కలు కొనుక్కుంటారు, మన తడి గాలికి అవి బూజు పట్టి రాలతాయి. మూలన అటక మీది బూరుగు దూది పరుపు ఒకటి దించి నిలబెట్టాం. సబైన్ మెత్తలకి మన వెర్షన్.

వాట్ల గురించి రాయకుండా ఉండలేను. నేను 4440 బోర్డులు కట్టే రోజుల్లో ఛానెల్‌కి 6 వాట్లు వస్తే మహా గొప్ప. పెట్టె మీద మాత్రం 100 వాట్లని స్టిక్కరు వేసేవాళ్లం. పెద్ద కంపెనీల మల్టీమీడియా స్పీకర్ల మీద పీఎంపీఓ (ఒక్క క్షణం మాత్రం వచ్చే పవరుని గొప్పగా చూపించే లెక్క) అని వేలల్లో వేస్తుంటే మేమే సాధువులం. అసలు లెక్క ఇది: పవరు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెళ్లు. అంటే చెవికి కొంచెం పెరిగింది అనిపిస్తుంది, అంతే. రెండింతలు గట్టిగా ఉంది అనిపించాలంటే పదింతలు పవరు కావాలి. అదే, ఒక వాటుకి 86 డెసిబెళ్లిచ్చే స్పీకరు తీసి 89 ఇచ్చేది పెడితే, ఆంప్లిఫయరుని రెట్టింపు చేసినట్టే. కాబట్టి డబ్బు పెట్టాలనుంటే స్పీకరు మీద పెట్టండి, ఆంప్లిఫయరు ఆఖరున. వైరు మీద అసలొద్దు. ఇంటి వైరింగుకి వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఐదు మీటర్లు వేస్తే రానూ పోనూ కలిపి 0.07 ఓము. ఎనిమిది ఓముల స్పీకరు ముందు అదెంత? వేలు పోసి పాము మందాన వైరు కొన్నాయనకి ఇదే చెప్పాను, నాతో ఏడాది మాట్లాడలేదు. అరవైల నాటి పాటలు వినడానికి ఐదు స్పీకర్ల హోం థియేటరు కొనేవాళ్లతో కూడా నేను వాదించను. ఆ పాటలు మోనోలో రికార్డయ్యాయి. ఒక్క మంచి స్పీకరు చాలు.

స్పీకరు కొనేటప్పుడు కోను చుట్టూ ఉన్న రింగు చూడండి. ఫోమ్ రింగు అయితే మన తడికి కొన్నేళ్లలో జిగురు పట్టి, వేలు పెడితే ముక్కలుగా ఊడొస్తుంది. రబ్బరు రింగు బతుకుతుంది. సెకండ్ హ్యాండులో ఇది ఇంకా ముఖ్యం.

కంప్యూటర్ని మధ్యాహ్నం భోజనాలయ్యాక తెరిచాం. ముందు మూత తియ్యలేదు, టాస్క్ మేనేజర్ తెరిచాం. ఆల్బమ్ పేజీ తెరుస్తుంటే ప్రాసెసర్ ముప్పై శాతం దగ్గర నిద్రపోతోంది. డిస్కు 100 శాతం. మెమరీ నిండా. వాడేమో "ఐ5 పాతదైపోయింది, ఐ7 కావాలి" అంటున్నాడు. గుర్రపుడెక్క ఎక్కడుందో తెరమీద కనిపిస్తున్నా వాడి చూపు తూము మీదే ఉంది. హార్డ్ డిస్కు అంటే నిమిషానికి 7200 చుట్లు తిరిగే పళ్లెం. దాని ముల్లు ఒక చోటు నుంచి ఇంకో చోటుకి వెళ్లి, పళ్లెం తిరిగి రావడానికి ఆగాలి. సెకనుకి వంద చోట్లు తిరిగితే గొప్ప. ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్లెమే లేదు, సెకనుకి వేల చోట్ల నుంచి తీసుకొస్తుంది. వాడి 2017 నాటి మదర్‌బోర్డులో కొత్తరకం ఎస్‌ఎస్‌డీ, ఎన్‌వీఎంఈ అనేది, పెట్టే చోటు లేదు. హార్డ్ డిస్కు వైరుకే తగిలే సాటా రకం చాలు. అది సెకనుకి 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, ఎన్‌వీఎంఈ వేలల్లో పోతుంది, నిజమే. కానీ పళ్లెం నుంచి సాటాకి మారినప్పుడు కలిగే తేడా సాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారితే కలగదు. ఎడ్లబండి దిగి బస్సెక్కినవాడికి తెలిసేంత తేడా, బస్సు దిగి ఎక్స్‌ప్రెస్ బస్సెక్కినవాడికి తెలియదు.

ర్యాము ఒకే 8 జీబీ కర్ర, రెండో గాడి ఖాళీ. ఇంకో 8 వేస్తే మెమరీ పెరగడంతో పాటు రెండు దారులూ తెరుచుకుంటాయి. 2025 చివరి నెలల్లో ర్యాము ధరలు కొండెక్కి కూర్చున్నాయి, ఏఐ డేటా సెంటర్లు ఉన్నదంతా ఊడ్చుకుపోతుండటంతో. అందుకని భీమవరంలో సెకండ్ హ్యాండుది వెతికి పట్టాం. ర్యాముకి అరుగుదల తక్కువ, పాతదైనా బెంగలేదు. పాత కర్రని కూడా తీసి దాని బంగారు పళ్లని పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెట్టాను. ఇది పల్లెటూరి వైద్యంలా కనిపిస్తుంది గానీ మన తడిలో సగం 'బీప్ బీప్' కంప్యూటర్లు దీంతోనే లేచి కూర్చుంటాయి.

లోపల చూసినవి చెప్తే అన్నం తినలేరు. వెనక పాత కార్డు తీసేసిన చోట రేకు పెట్టలేదు. ఆ సందులోంచి బల్లి దూరి, గ్రాఫిక్స్ కార్డు కింద గుడ్లు పెట్టింది. ఇంకోటి ఫ్యాను దగ్గర అప్పడంలా ఎండిపోయి ఉంది. ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింకు మీద దుమ్ము దుప్పటిలా పరుచుకుంది, కింద ఆ వేడిని దానికి అందించే థర్మల్ పేస్టు సుద్దలా పొడైపోయింది. వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. దాన్ని మనం ముసలిదైపోయింది అనుకుంటాం. రేకు ముక్క, పేస్టు, బ్రష్షు: మూడొందలు. ఇంకో అలవాటు మానిపించాను. మా అక్క రోజూ రాత్రి కేబినెట్టుకి ప్లాస్టిక్ ముసుగు తొడుగుతుంది దుమ్ము పడకుండా. ఆ ముసుగు కింద తడి ఎక్కడికీ పోక మరలన్నిటికీ తుప్పు తెస్తుంది. రోజూ నడిచే యంత్రం తన వేడితో తనే ఆరుతుంది. మూసి దాచింది చెడుతుంది. 1996 నవంబరు తుపాను తర్వాత కరెంటు లేక వారాల తరబడి పెట్టెలో ఉండిపోయిన మా టేప్ రికార్డరు గతి అదే అయింది. నీళ్లలో మునగలేదు, ఉత్త గాలికే పోయింది.

ఎస్‌ఎంపీఎస్ ఒక్కటి మాత్రం కొత్తది కొనిపించాను, మంచిది. నా సెంటర్లో ఒకసారి ఒక కొట్టువాడు 450 వాట్లని అంటగట్టిన డబ్బా చేత్తో పట్టుకుంటే టిఫిన్ బాక్సంత తేలిక. అది పోతూ పోతూ మదర్‌బోర్డుని, హార్డ్ డిస్కుని, దానితో రెండు పెళ్లిళ్ల శుభలేఖల్ని తీసుకుపోయింది. 80 ప్లస్ ముద్ర కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్పే ముద్రే గానీ గట్టితనానికి హామీ కాదు. అయినా ఆ ముద్ర కూడా లేనిది ఇంటికి తేవద్దు.

ఇక్కడ మావాడు నన్ను సరిగ్గానే పట్టుకున్నాడు. "మావయ్యా, ఇది ఏడో తరం ఐ5. విండోస్ 10కి అక్టోబరు 14తో సపోర్టు అయిపోయింది. 11 దీనికి అధికారికంగా రాదు. మరి దీనిమీద డబ్బెందుకు పెట్టిస్తున్నావు?"

న్యాయమైన ప్రశ్న. యంత్రం బాగానే ఉన్నా సాఫ్ట్‌వేరు దాన్ని ముసలిదని తీర్మానించేస్తే మనం చేసేదేం లేదు. విండోస్ 11 జాబితాలో ఇంటెల్‌వి దాదాపు ఎనిమిదో తరం నుంచే మొదలవుతాయి. లినక్సు వేసుకోవచ్చు గానీ వాడి పని ఫొటోషాపుతో. కాబట్టి ఇవాళ కాకపోయినా ఏడాదికో రెండేళ్లకో ఈ బోర్డు మారక తప్పదు. అందుకే ఏది కొన్నా, రేపు కొత్త డబ్బాలోకి వెంట వచ్చేది ఏది, ఇక్కడే ఉండిపోయేది ఏది అని చూసి కొనిపించాను. ఎస్‌ఎస్‌డీ వెంట వస్తుంది. ఎస్‌ఎంపీఎస్ వస్తుంది. స్పీకర్లు, మానిటరు వస్తాయి. ఎర్తు గుంట సరేసరి. ర్యాము రాదు, డీడీఆర్4 కర్ర డీడీఆర్5 గాడిలో దూరదు. అందుకే దాన్ని సెకండ్ హ్యాండులో కొన్నాం. ఇదే లెక్కతో చూస్తే, చవగ్గా వస్తున్నాయని ఆఫీసుల నుంచి వచ్చే పాత బ్రాండెడ్ డబ్బాలు కొనేవాళ్లకి ఒక హెచ్చరిక: వాటిలో చాలావాటికి ఎస్‌ఎంపీఎస్ ఆకారం, పిన్నులు కంపెనీ సొంతవి. పాడైతే బజార్లో దొరికేది పట్టదు.

మొత్తం లెక్క కడితే అరవైలో ఇరవై ఒక్క వేలు అయ్యాయి. మిగతావి బీరువాలోకి తిరిగి వెళ్లాయి. ఆల్బమ్ పేజీ ఇప్పుడు వాడు టీ గ్లాసు అందుకునేలోపు తెరుచుకుంటోంది. కొత్త బోర్డు ఎప్పుడు కొంటాడో వాడిష్టం, తొందరేం లేదు.

సంక్రాంతికి మళ్లీ వెళ్లాను. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి చుట్టాలు దిగారు. గదిలో అడుగుపెట్టగానే చూస్తే మూలన పరుపు లేదు. "పడుకోడానికి చాపలు చాల్లేదురా తమ్ముడూ, నీ పరుపు తీసేశాను. మళ్లీ పండగయ్యాక నిలబెట్టుకోండి" అంది మా అక్క. సరే అని చప్పట్లు కొట్టి చూశాను. గణగణ లేదు. మంచం మీద, కిటికీలో, గ్రానైటు మీద పరిచిన ఆ పరుపు మీద కలిపి పద్నాలుగు మంది కూర్చుని పేకాడుతున్నారు. సబైన్ మనుషుల్ని కూడా కొలిచాడు, వాళ్లూ బాగానే పీల్చుకుంటారట. పాట పెట్టమన్నాను. ఎవరికీ వినిపించలేదు.